లేదనని సేటమ్మ

వరంగల్ చౌరస్తా దాటి కొత్తవాడ వైపు తిరిగే మలుపులో, కరెంటు స్తంభానికి మొన్నీమధ్య ఒక ఫ్లెక్సీ కట్టారు. నాలుగు మూలలా పూలు, పైన రెండు దీపాలు, కింద 'శ్రద్ధాంజలి'. అంతా మామూలే. మధ్యలో ఉన్న ఫోటో మాత్రం మామూలుది కాదు. అరవై దాటిన ఒక ఆవిడ, తడిసిన జుట్టు నుదుటికి అతుక్కుపోయి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. ఒంటి మీద గొంతు దాకా బిగించిన నారింజ రంగు కోటు.

స్తంభం కింద ఆటో ఆపుకున్నతను నన్నడిగాడు. "ఈమె మున్సిపాలిటీల జేసేదా మేడమ్?"

పక్కనే పూలు అమ్మే ఆమె అడ్డం వచ్చింది. "మున్సిపాలిటీ గాదు, గ్యాసు కంపెనీ. గా రంగు సూస్తలెవ్వా?"

ఇలాంటి చోట నోరు మూసుకుని పోవడం నా వల్ల కాదు. "నేవీలో పెద్దాఫీసరు. విశాఖపట్నంలో సబ్‌మెరైన్ నడిపేది. నీళ్ళల్లకెల్లి పైకి లేవంగనే తీసిన ఫోటో అది" అన్నాను. ఆటో అతను ఫ్లెక్సీకి సెల్యూట్ కొట్టాడు. పూలామె ఒక చామంతి దండ తీసి స్తంభానికి చుట్టింది. నేను చెప్పింది అబద్ధమే కానీ, దండ మాత్రం చేరవలసిన చోటికే చేరింది.

ఆ ఫోటో తీసింది నేనే. ఆ కోటు లైఫ్ జాకెట్. ఆవిడ మా బజార్లో కిరాణం దుకాణం నడిపిన సేటమ్మ. పేరు చెప్పను, చెప్పినా మా బజార్లో ఎవరికీ తెలియదు. సేటు దుకాణం కాబట్టి సేటమ్మ. సేటు పోయి చాలా ఏళ్ళయినా అదే పిలుపు. పోయిన నెల, మధ్యాహ్నం పూట, కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. ఇంట్లో ఆమెవి పట్టుచీర ఫోటోలు బోలెడున్నాయి. కోడలు ఏరి ఏరి దీన్నే ఇచ్చింది. "అన్నిట్ల అత్తమ్మ దుకాన్ల కూసున్నట్టే ఉన్నది ఆంటీ. గీ ఒక్కదాంట్లనే ఇష్టంతోని నవ్వుతాంది" అంది.

సేటమ్మ సంగతి చెప్పాలంటే ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. కాజీపేట స్టేషన్‌లో రిజర్వేషన్ కౌంటర్ నాది. అద్దానికున్న బెజ్జంలోంచి రోజంతా నేను మనుషులకు చెప్పేది ఒకటే మాట: లేదు. బెర్తు లేదు. తత్కాల్ లేదు. చిల్లర లేదు. సాయంత్రానికి ఆ మాట నా నాలుక మీద కాయ కాసేది. అలాంటి నేను ఇంటికి పోతూ సేటమ్మ దుకాణం ముందు ఆగితే, అక్కడ ఆ మాట పుట్టనే పుట్టలేదు.

అతిశయోక్తి అనుకుంటున్నారు. నాకు ఆ పేరుంది, ఒప్పుకుంటాను. కానీ ఇది మాత్రం మా బజారు మొత్తం సాక్షి. సేటమ్మ నోట 'లేదు' అనే మాట ఎవ్వరూ వినలేదు. బియ్యమైపోతే 'నిండుకున్నయి'. కందిపప్పు అయిపోతే 'తొవ్వల ఉన్నది'. సబ్బులు అయిపోతే 'పొద్దుగాల్ల పలుకుతయి', అంటే రేపు దొరుకుతాయని. అసలు ఆ దుకాణంలో ఎన్నడూ దొరకనిది, ఇక ముందు కూడా దొరకబోనిది ఎవరైనా అడిగితే 'వస్తది'.

ఆ మాటకు ముందు ఒక చిన్న నాటకం ఉండేది. అడిగిన వస్తువు లేదని తెలిసి కూడా సేటమ్మ వెనక్కి తిరిగేది. అరల వైపు కింద నుంచి పైకి ఒకసారి చూసేది. ఆ చూపులో వెతుకులాట ఉండదు. ఆ వస్తువు ఇంతసేపూ అక్కడే కూర్చుని ఇప్పుడే చాయ్ తాగడానికి బయటికి పోయినట్టు, కాస్త నొచ్చుకున్నట్టు చూసేది. తర్వాత మన వైపు తిరిగి, కళ్ళు చికిలించి, "వస్తది" అనేది. ఆ మాట విని ఖాళీ సంచితో పోయే మనిషి కూడా ఏదో కొనుక్కున్నట్టే పోయేవాడు.

ఒకరోజు నాకు బుర్రలో పురుగు కదిలింది. "అక్కా, విమానం టైరున్నదా?" అని అడిగాను.

సేటమ్మ వెనక్కి తిరిగి పచ్చడి జాడీల పైన ఉన్న అర దాకా చూసింది. "పెద్దదా, చిన్నదా?" అంది.

"పెద్దది."

"జర ఆగాలె చెల్లె. వస్తది."

నేను నవ్వు ఆపుకోలేక చస్తుంటే ఆమె మాత్రం శనగపిండి పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది. "అందాకా గిది తీస్కపో" అని.

ఎందుకక్కా అంత పట్టుదల అని అడిగితే గొంతు తగ్గించి, కౌంటర్ కింద డబ్బులుండే గల్లా పెట్టెను వేలితో చూపించింది. "దుకాన్ల కూసోని గా మాటంటె గల్లా ఇంటది." ఇంతే. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు చెప్పిందట. అప్పటి నుంచి ఆ గల్లా చెవిన ఒక్క చెడు మాట పడనియ్యలేదు.

ఇందులో నవ్వులాట ఎంతుందో, నవ్వులాట కానిదీ అంతే ఉంది. సేటు పోయిన పదిహేను రోజులకు, సంగతి తెలియని పరకాల వ్యాపారి ఒకాయన మిర్చి నమూనా పట్టుకుని వచ్చి "సేటు లేడా అమ్మా?" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. సేటమ్మ అలవాటుగానే వెనక్కి తిరిగింది. లోపలి గది తలుపు వైపు కింది నుంచి పైకి చూసింది. చాలాసేపు చూసింది. మళ్ళీ ఇటు తిరిగి, "సేటు ముందుగాల పోయిండు" అంది. ఆయన సరేనని నమూనా అక్కడ పెట్టి వెళ్ళిపోయాడు. నాకు ఉప్పు పొట్లం కడుతూ దారం ముడి మూడుసార్లు విప్పి మళ్ళీ కట్టింది.

సరే, నీళ్ళ సంగతికి వద్దాం.

పోయిన చలికాలం టూరిజం వాళ్ళు ఆడవాళ్ళ కోసం ఒక ట్రిప్పు పెట్టారు. పడవ తెడ్డు ఎన్నడూ పట్టనివాళ్ళకు నేర్పించి, వాళ్ళతోనే చెరువు దాటించి, మధ్యలో ఉన్న దీవిలో ఒక రాత్రి గుడారాల్లో పడుకోబెట్టి, మర్నాడు తిరిగి తెస్తారు. ఆ చెరువు ములుగు దాటినాక అడవిలో ఉంది. పేరు చెబితే వచ్చే ఆదివారానికి మీరంతా బిర్యానీ డబ్బాలు పట్టుకుని అక్కడ తేలతారు కాబట్టి చెప్పను. నేను పేరిచ్చి, ఆ సాయంత్రమే సేటమ్మ దుకాణానికి పోయి గొప్పలు మొదలుపెట్టాను.

"అక్కా, నేను సముద్రం మీద పోతాన."

"ములుగు అవతలి చెరువే గదా?" అంది సేటమ్మ, చక్కెర తూస్తూ. దుకాణంలో కూర్చున్నవాళ్ళకు తెలియని వార్త ఉండదు.

"చెరువే గని సముద్రమంత ఉంటది. అటు ఒడ్డు కనవడదు. దీవిల పండుడు. అక్కడ కరెంటు లేదు, సిగ్నల్ లేదు, దుకాణం లేదు."

చక్కెర పోస్తున్న చెయ్యి ఆగింది. "గాడ నన్ను ఎవ్వలన్న ఏమన్న అడుగుతరా?"

"ఎవలడుగుతరక్కా? కొంగలా?"

సేటమ్మ గరిటె కింద పెట్టింది. "నలభై ఏండ్ల సంది పొద్దున లేస్తె ఎవ్వలో ఒకలు ఏదో ఒకటి అడుగుతనే ఉన్నరు. బువ్వ తినంగ అడుగుతరు. పన్నంక షట్టరు కొట్టి అడుగుతరు, జ్వరం గోలి ఉన్నదా, కొవ్వొత్తి ఉన్నదా అని. పండుగనాడు అడుగుతరు, పురుడునాడు అడుగుతరు. ఒక్క దినం చెల్లె... ఎవ్వలు ఏమడగని కాడ ఒక్క దినం కూసోవాలె నాకు."

ఏ మాటకైనా ఇంకో పెద్ద మాట తగిలించే నేను ఆ మాటకు తగిలించింది ఒకటే. "నువ్వు కూడ రా అక్కా" అన్నాను.

"వస్త" అంది. ఈసారి అరల వైపు తిరగలేదు.

ట్రిప్పు రోజున జీపు దగ్గరికి పంజాబీ డ్రెస్సులో వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక చీర తప్ప కట్టని మనిషి. లేని పైటను సర్దుకోవడానికి చెయ్యి మాటిమాటికీ భుజం మీదికి పోయేది. అక్కడ ఏమీ దొరక్క ఓసారి చెవి, ఓసారి మెడ తడుముకుని దిగేది. చేతిలో పెద్ద సంచి. మేము ఆరుగురం. మిగతా నలుగురూ హన్మకొండలో ఒకే కాలేజీలో పాఠాలు చెప్పే స్నేహితురాళ్ళు. జీపు డ్రైవర్ మా బజారు మనిషే.

ఒడ్డు మీద మా గైడు ఎదురుచూస్తోంది. పరకాల దగ్గరి పల్లెటూరి పిల్ల, ముప్పై ఉండవు. పొట్టిగా, గట్టిగా, ఎండకు నల్లబడి, గొంతులో విజిల్ ఉన్నట్టు మాట్లాడేది. బోర్లించిన సన్నటి పడవలు చూపించి, "ఇవ్విటిని కనూ అంటరమ్మా" అంది.

"ఏందీ?" అంది సేటమ్మ.

"కనూ."

"ఈ వయసుల నన్ను కనుమంటవేంది బిడ్డా?"

లెక్చరర్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. గైడు కూడా నవ్వి, తెడ్డు ఎలా పట్టాలో, ఎలా ముంచాలో, పడవ బోర్లా పడితే దేన్ని పట్టుకుని వేలాడాలో చూపించింది. సేటమ్మ శ్రద్ధగా విన్నది. తెడ్డు చేతికి రాగానే రెండు కళ్ళకూ అద్దుకుంది, పొద్దున్నే మొదటి బేరం నోటును అద్దుకున్నట్టు. "బోణి మంచిగ గావాలె" అంది.

తర్వాత గైడు ఒక్కొక్కరినీ ఈత సంగతి అడిగింది. లెక్చరర్లలో ఇద్దరికి వచ్చు, ఇద్దరికి రాదు. నేను ఇటుకరాయి ఎంత ఈదుతుందో అంత ఈదుతానని చెప్పాను. చివరికి సేటమ్మ వంతు వచ్చింది.

"అమ్మా, మీకు ఈత వచ్చా?"

సేటమ్మ వెనక్కి తిరిగింది. అక్కడ అరలు లేవు, టేకు చెట్లున్నాయి. వాటినే కింది నుంచి పైకి చూసింది. ఇటు తిరిగి కళ్ళు చికిలించి, "వస్తది బిడ్డ" అంది.

నేను ఆ నాటకాన్ని ఎన్ని వందల సార్లు చూసి ఉంటాను! అయినా ఆ క్షణాన నాకు తట్టలేదు. దుకాణం దాటితే ఆ మాటకు అర్థం మారుతుందనుకున్నానేమో. గైడుకు తెలిసే అవకాశమే లేదు. ఆ పిల్ల బొటనవేలు పైకెత్తి, "సూపర్ అమ్మా" అని, తన లెక్క ప్రకారం జోడీలు కట్టింది. ఈత రానివాళ్ళు ముందు, వచ్చినవాళ్ళు వెనక. అలా ఇటుకరాయి లాంటి నేను ముందు కూర్చున్నాను. నా ప్రాణానికి పూచీగా సేటమ్మ వెనక కూర్చుంది. సంచులన్నీ గైడు తన పెద్ద కనూలో వేసుకుంది.

మొదట్లో అంతా బాగానే ఉంది. బాగానే ఏమిటి, బ్రహ్మాండంగా ఉంది. నీళ్ళు నూనెలా ఉన్నాయి. తెడ్డు ముంచితే పడవ జారి ముందుకు పోతోంది. వెనక కూర్చున్నవాళ్ళే పడవను తిప్పాలి కాబట్టి, సేటమ్మ చెయ్యి లేని పైట కోసం భుజం మీదికి పోయినప్పుడల్లా మా పడవ ఎడమకు తిరిగేది. "అక్కా, పైట!" అని నేనరిస్తే మళ్ళీ సరయ్యేది. వెనక నుంచి మాటలు వినబడుతున్నాయి. "చూసినవా చెల్లె, నీళ్ళు ఏమడుగుతలెవ్వు. గిన్ని నీళ్ళున్నయి, ఒక్కటన్న నోరు తెరుస్తాందా?"

నాకు హుషారొచ్చింది. వెనక ఈతగత్తె ఉందన్న ధైర్యం ఉండనే ఉంది. "అవునక్కా, కిరాణం కొట్టు మనిషివి, ఈత ఏడ నేర్చుకున్నవ్?" అని అడిగాను.

"నేర్సుకోవాలె చెల్లె" అంది సేటమ్మ, తాపీగా.

నేను ఎలా తిరిగానో నాకు తెలియదు. నడుము కింది భాగం దీవి వైపు, పై భాగం వరంగల్ వైపు తిరిగి ఉంటాయి. కనూలో అలా తిరగకూడదన్నదే గైడు మాకు చెప్పిన మొదటి మాట. పడవ ఒక్కసారి ఇటు, ఒక్కసారి అటు ఊగి, మమ్మల్నిద్దర్నీ దోసె తిరగేసినట్టు తిరగేసింది.

నీళ్ళ లోపల నేను ఒక మొసలిని, రెండు కాకతీయుల కాలం నాటి శిల్పాలను చూశానని తర్వాత మా ఆఫీసులో చెప్పాను. నిజానికి చూసింది పచ్చటి మసక, నా చెప్పు. జాకెట్ నన్ను పైకి లాగింది. నోట్లోంచి నీళ్ళు కక్కుతూ కళ్ళు తెరిస్తే ఎదురుగా సేటమ్మ. ఒక చేత్తో బోర్లాపడిన పడవ అంచు, ఇంకో చేత్తో తెడ్డు. గైడు చెప్పింది చెప్పినట్టు పట్టుకుని ఉంది. పెదవులు నల్లగా అయిపోయాయి, గడ్డం వణుకుతోంది. కానీ తెడ్డు వదల్లేదు. నా జాకెట్ పట్టీని పళ్ళతో పట్టుకోవడానికి కూడా చూసింది. మునిగితే ఇద్దరం కలిసే మునుగుదామనో ఏమో.

"ఈత వస్తదంటివి గదా!" అని ఏడ్చాను నేను.

"వస్తదన్న" అంది సేటమ్మ, నీళ్ళు ఊస్తూ. "వచ్చిందన్ననా?"

గైడు బాణంలా వచ్చింది. ఏం చేసిందో నాకు పూర్తిగా తెలియదు కానీ, నన్నొకసారి, సేటమ్మనొకసారి నీళ్ళలోంచి పైకి గుంజి, దగ్గర్లో నీళ్ళలోంచి లేచిన ఒక పెద్ద బండ మీదికి చేర్చింది. మా పడవను సరిచేసి నీళ్ళు వంచేసి తాడుతో కట్టేసింది. లెక్చరర్లను దూరంగా ఆగమంది. మేమింకా ఒడ్డుకు కూతవేటు దూరంలోనే ఉన్నామని అప్పుడు చూశాను. నా లెక్క ప్రకారం సముద్రం మధ్యలో ఉండాలి.

అంతసేపూ నవ్వుతూ ఉన్న పిల్ల ముఖంలో ఇప్పుడు నవ్వు లేదు. సేటమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"అమ్మా, సూటిగ అడుగుతాన. మీకు ఈత వచ్చా, రాదా?"

"నేర్సుకుంటె ఎంతసేపు బిడ్డ."

"వచ్చా, రాదా?"

"మా తమ్మునికి మంచిగ వస్తది."

"మీకు?"

"నువ్వు బంగారమసోంటి జాకెట్ ఇచ్చినవ్ గదా..."

"అమ్మా." గైడు గొంతు పెంచలేదు. "ఇంకో గంటల గాలి లేస్తది. మీరు రాదు అంటె దానికి నా దగ్గర ఉపాయం ఉన్నది. నా పడవల, నా కండ్ల ముందర కూసోపెట్టుకుంట. వస్తది అంటె మాత్రం నా దగ్గర ఏ ఉపాయం లేదు. నీళ్ళ మీద నా ఎంబడి ఏమున్నది, ఏం లేదు నాకు ఎరుకుండాలె. గా ఒక్క మాట చెప్పనోళ్ళను నేను దీవికి తీస్కపోను. ఒడ్డుకు దింపుత, జీపుల ఇంటికి పోండ్రి. పొద్దుమూకె వరకు దుకాన్ల ఉంటరు."

సేటమ్మ ముఖం చూశాను. సేటు పోయిన పదిహేను రోజులకు లోపలి గది వైపు తిరిగినప్పటి ముఖం. వెనక్కి తిరిగి ఒడ్డును చూసింది. ఈవైపు తిరిగి దూరంగా పచ్చగా ఉన్న దీవిని చూసింది. నోరు తెరిచింది. మూసింది. నలభై ఏళ్ళు గల్లాకు వినబడకుండా దాచిన మాట, ఇక్కడ గల్లా లేకపోయినా, గొంతులో ఎక్కడో ఇరుక్కుపోయింది. ఆమె తరఫున నేనే చెప్పేద్దామనుకున్నాను. నాకు ఆ మాట అనడమే ఉద్యోగం కదా. గైడు నా వైపు వేలు చూపించి ఆపింది.

సరిగ్గా అప్పుడే ఒడ్డు మీద, మేము మునిగిన సంగతే తెలియని మా డ్రైవరు జీపులోంచి నిద్ర లేచి వచ్చాడు. నీళ్ళ అంచున నిలబడి, బండ మీద మమ్మల్ని చూసి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు.

"సేటమ్మా... ఓ సేటమ్మా... అగ్గిపెట్టె ఉన్నదా?"

సేటమ్మ గైడును చూసింది. నన్ను చూసింది. లేచి నిలబడింది. తడి బట్టల్లోంచి నీళ్ళు ధారగా బండ మీదికి కారుతున్నాయి. రెండు చేతులూ ఆమె కూడా నోటి దగ్గర పెట్టుకుంది.

"లేదూ!"

చెట్ల మీది కొంగలన్నీ ఒక్కసారి లేచాయంటే మీరు నమ్మరు. నమ్మకండి, అవి వేరే పని మీద లేచాయి. డ్రైవరు మాత్రం నోటి దగ్గర పెట్టిన చేతులు పెట్టినట్టే నిలబడిపోయాడు. చిన్నప్పటి నుంచీ ఆ దుకాణంలో బిస్కట్లు కొనుక్కున్నవాడు. ఆ మాట విని వాడికి ఏమైందో, జీపు దాకా వెనక్కి వెనక్కి నడిచాడు.

సేటమ్మ గైడు వైపు తిరిగింది. అదే ఊపిరిలో, "రాదు" అంది. "ఈత రాదు బిడ్డ. జర గూడ రాదు. బిందెడు నీళ్ళల్ల పడేసినా మునుగుత."

మొదటి మాట పచ్చి అబద్ధం, అగ్గిపెట్టెలు ఆమె సంచిలో డజనున్నాయి. రెండో మాట పచ్చి నిజం. ఏ సాయం లేకుండా నిజం బయటికి వచ్చేలా లేదు కాబట్టి, ముందు అబద్ధాన్ని పంపి దారి తీయించింది. ఈ విద్యలో నాకు ముప్పై ఏళ్ళ అనుభవం ఉంది, అయినా ఇంత శుభ్రంగా నేనెప్పుడూ చేయలేదు.

 గైడు సేటమ్మ జాకెట్ పట్టీలు ఒక్కొక్కటీ విప్పి, మళ్ళీ బిగించింది. "దా అమ్మా. నా పడవల ముందర కూసో" అంది. నన్ను సంచులతో పాటు మధ్యలో పెట్టారు. సామాను కింద లెక్క. ఖాళీ కనూ తాడుకు కట్టుకుని వెనక వస్తోంది. ముందు సేటమ్మ వీపు, ఆ వీపుకు అటూ ఇటూ లేచి దిగే తెడ్డు. చెయ్యి ఒక్కసారి కూడా పైట కోసం పోలేదు.

దీవిలో దిగాక మొదలైంది అసలు కథ. చిన్నపిల్లకు కొత్త బూర కొనిచ్చినట్టయింది. లెక్చరరమ్మ "చాయ్ తాగుతరా అమ్మా?" అంటే, సేటమ్మ కాస్త ఆలోచించి, రుచి చూస్తున్నట్టు, "తాగ" అంది. ఇంకొకామె "చలి పెడుతుందా?" అంటే "లేదు". గజగజ వణుకుతూనే. "ఆకలైతలేదా అక్కా?" అని నేనడిగితే "కాలేదు, కాదు, కాబోదు" అని మూడు కాలాల్లోనూ చెప్పింది. ఒక్కొక్క మాట అన్నాక చుట్టూ చూసేది, ఎక్కడైనా ఏదైనా కూలిందేమో అన్నట్టు. ఏమీ కూలకపోతే ఒక నవ్వు నవ్వేది. ఆ నవ్వుల్లో ఒకదాన్నే నేను, సంచిలో ఉండి తడవకుండా బతికిన ఫోన్లో పట్టింది. చీకటి పడుతుండగా ఆమే సంచిలోంచి అగ్గిపెట్టె తీసి మంట అంటించింది. చాయ్ కూడా తాగింది. రెండుసార్లు.

ఆ తర్వాత మేము ఆమెను ఏమీ అడగడం మానేశాం. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు, దానంతట అదే అయింది. అన్నం ఆకులో వడ్డించి ముందు పెట్టాం. దుప్పటి భుజాల మీద కప్పాం. ఆమె మంట పక్కన మోకాళ్ళు ముడుచుకుని, నీళ్ళ వైపు తిరిగి కూర్చుంది. అంత పనిలేకుండా ఉన్న చేతులను నేను ఆమెకు ఎప్పుడూ చూడలేదు. ఒడిలో వెల్లకిలా పడుకుని ఉన్నాయి.

ఇలా వచ్చిన మనిషి దుకాణంలో మారిపోయిందా అని మీరడుగుతారు. రవ్వంత కూడా మారలేదు. తిరిగి వచ్చిన మరుసటి సాయంత్రం నేను పోయేసరికి ఎవరికో "బెల్లం నిండుకున్నది, రేపు పలుకుతది" అని చెబుతోంది. పోయే ముందు రోజు దాకా అదే మాట. దుకాణం దుకాణమే, ఆమె ఆమే. నేనూ కౌంటర్ అద్దం వెనక నా మాట నేను చెప్పుకుంటూనే ఉన్నాను, ఎప్పుడైనా వెయిటింగ్ లిస్టు ముసలివాళ్ళకు మాత్రం "వస్తది తాతా" అంటాను. రైల్వేవాళ్ళు వింటే ఊరుకోరు.

కానీ నాకు గుర్తుండిపోయింది దుకాణం కాదు, ఫ్లెక్సీ మీది నవ్వు కూడా కాదు. దీవి నుంచి తిరిగి బయల్దేరిన పొద్దు.

గుడారాలు విప్పేశాం. సంచులు ఎక్కించాం. లెక్చరర్ల పడవలు రెండూ అప్పటికే నీళ్ళలోకి పోయి మా కోసం ఆగి ఉన్నాయి. సేటమ్మ పెద్ద కనూలో ముందు కూర్చుంది, తెడ్డు ఒడిలో అడ్డంగా పెట్టుకుని. మధ్యలో నేను, సామాను. వెనక గైడు. నీళ్ళ మీద పొగమంచు ఇంకా లేవలేదు. అవతలి ఒడ్డు నిజంగానే కనబడటం లేదు, జీపు లేదు, వరంగల్ లేదు. తెల్లటి గోడ ఒకటే ఉంది, దాని ముందు సేటమ్మ వీపు.

"ఇగ పోదామా అమ్మా?" అంది గైడు.

సేటమ్మ వెనక్కి తిరగలేదు. పైకీ కిందికీ చూడలేదు.

"పోను" అంది.

అందులో ఆట లేదు. నిన్నటి బూర మోత కాదు అది. మెల్లగా, తనకు తాను చెప్పుకున్నంత మెల్లగా అన్న మాట.

నేను గైడు వైపు తిరిగాను, ఈసారి పడవ కదలకుండా జాగ్రత్తగా. ఆ పిల్లకు గాలి లెక్కలు, ఎండ లెక్కలు ఉన్నాయి. ఒడ్డు మీద జీపు ఉంది. మధ్యాహ్నానికి నాకు డ్యూటీ ఉంది. గైడు ఆ వీపును చూసింది, మంచును చూసింది. తన తెడ్డు పైకి తీసి, చప్పుడు కాకుండా పడవలో పడుకోబెట్టింది. దూరంగా ఆగి ఉన్న పడవల్లోంచి ఒక లెక్చరరమ్మ చెయ్యెత్తి 'ఏమైంది' అన్నట్టు ఊపింది. గైడు వేలు పెదవుల మీద పెట్టుకుంది.

నీళ్ళు పడవను కొంచెం కొంచెంగా అటూ ఇటూ ఊపుతున్నాయి. మేము అలా కూర్చున్నాం. ఎవ్వరం ఆమెను మళ్ళీ ఏమీ అడగలేదు.